నోట్లె ఇసుక

శుక్రవారం. మనామల ఎండ
తడి దుప్పటి లెక్క మీద పడ్డది.
"నీ చేతికి మట్టి తెలుసుగా, రా అబ్బాయ్" అన్నడు శౌరయ్య.
ఫిరంగిపురం ఆయనది, ఏసీలు బాగుచేస్తడు.
ఎనిమిదేండ్లాయె నా చేతికి
సిమెంటు తప్ప ఇంకో ముచ్చట తెల్వక.
అయినా పోయిన.

ఇటలీ పాదిరీలు ఎన్నడో కట్టిన చర్చి.
చెప్పులిడువాల్నో వద్దో తెల్వక
చేతుల పట్టుకొని నిలవడ్డ.
గంట కొట్టే బోనిఫేసు, గోవాయన, నవ్విండు:
వేసుకో, వేసుకో.

పక్క అరల, నేల మీద, ఒక పీనుగ.
చుట్టూ ఆరుగురు మట్టి మనుషులు.
ఓడల, గడ్డిల చుట్టి తెచ్చిన్రట.
నాకు తెలిసిన దేవుళ్లు నవ్వుతరు,
చెయ్యెత్తి దీవిస్తరు,
కోపమొస్తే నాలుక జాపి ఉరుముతరు.
వీళ్లు ఏడుస్తున్నరు.
ఒకామె తొడలు గట్టిగ పట్టుకొని వంగింది.
ఒకామె చూడనన్నట్టు చేతులడ్డం పెట్టింది,
కండ్లు మాత్రం వేళ్ల సందుల ఉన్నయి.
చివరామె ఉరికొస్తున్నది,
కొంగు వెనుకకు లేచి
(కిటికీ లేని ఆ అరల ఎక్కడి గాలో అది)
నోరు ఇంత తెరిచి.

ఏసీ నీళ్లు కారి ఆమె దవడకు పగులు.

వేలు మడిచి కొట్టి చూసిన.
మా అయ్య సంతల ప్రతి కుండ మోగిచ్చి ఇచ్చేటోడు,
ఖంగుమంటె ఇంటికి, బొద్దుమంటె పెంకుకు.
బొద్దుమన్నది.
ఎంటనే సిగ్గయింది.
ఏడ్సే మనిషిని మోగిచ్చి చూస్తరా ఎవరన్న?

మట్టి కోసం ఆలికి పోయినం.
ఆలి ఈడ కుమ్మరోళ్ల ఊరు.
మా తాన ఆలి అంటె పెండ్లాం అని,
శౌరయ్య అరబ్బీల విప్పి చెప్పినంక
సారె ముందటి ముసలాయన
పండ్లు లేని నోటితోని చానసేపు నవ్విండు.
ఇంత మట్టిచ్చిండు. పైసలు తీసుకోలే.
పిసికి చూస్తే ఉప్పు వాసన,
మా మన్నంత జిగట లేదు.
వేళ్లు మాత్రం ఏదీ మర్సిపోలే, దొంగలు.

పగులు పూడ్వాలంటె లోపటి నుంచి ఆనియ్యాలె.
ఆమె నోట్లె వేలు పెట్టిన.
ఇసుక.
ఎన్నేండ్ల గాలిదుమారాలదో
నాలుక మీద పేరుకొని ఉన్నది.
తీసిన, తీసిన.
చెంప లోపటి దిక్కు ఓ గుంత తాకింది.
బొటనవేలు. చేసినోడు ఒత్తిన గుర్తు.
ఎవడో, ఏ ఊరోడో,
ఈమెను ఆముల పెట్టినంక
ఆ రాత్రి ఏం తిన్నడో.
నా వేలు అండ్ల సరిగ్గ పట్టింది.
తీయబుద్ధి కాలే.

పోయిన రంజాన్‌కు ముందు
పదకొండో అంతస్తు పరంజ మీదికెల్లి
గంగనర్సు పడ్డడు.
చుట్టూ నిలవడ్డం. ఇయ్యాల లెక్కపెట్టిన,
ఆరుగురమే.
ఒకడు హెల్మెట్ తీసి చంకల పెట్టుకున్నడు.
శౌరయ్య చేతిల నీళ్ల సీసా,
మూత పెట్టుడు మరిచిండు, నీళ్లు బూట్ల మీద పోతున్నయి.
ఫోర్‌మన్ గడియారం చూస్తున్నడు.
ఎవ్వలం నోరు తెరువలే.
పొద్దూకిందాక సిమెంటు కలిపినం.
రాత్రి మెస్సుల పప్పుల ఉప్పు లేదని
కొట్లాడినం గూడ.

బోనిఫేసు వచ్చి అడిగిండు, అయిందా అని.
"దవడ అయింది. నోరు గట్లనే ఉండనీ" అన్న.
మూయమని ఎవరన్నరు అన్నట్టు చూసిండు.

లేచేముందు
మిగిలిన దుమ్ము పోవాలని ఒక్కసారి ఊదిన.
ఖాళీ కూజ మూతి మీద ఊదితె వస్తదే,
గసొంటి సప్పుడొచ్చింది,
హూ అని, సన్నగ.

శౌరయ్య అటు తిరిగి ఏసీకి స్క్రూ బిగిస్తుండె.
చానసేపు బిగిచ్చిండు
ఆ ఒక్క స్క్రూనే.