సెంట్రింగు పలకలు

సొహార్ రేవులో ఏ కంటెయినర్
ఎన్ని రోజులు ఎండలో మాడిందో
దానికెంత బాడుగ కట్టాలో
లెక్క చెప్పే ప్రోగ్రాము నాది.
నాదంటే, నేను రాసింది కాదు.
నాకు ముందు ఈ కుర్చీలో పదిహేడేళ్లు కూచున్న
కురియాకోస్ గారిది.
మోకాళ్ల నొప్పులూ గ్రాట్యుటీ పట్టుకుని
ఆయన కొట్టాయం వెళ్లిపోయాడు.

ఒకటే ఫైలు. రెండు వేల నాలుగొందల వరసలు.
ఫ్రేమ్‌వర్కు లేదు, టెస్టులు లేవు,
వేరియబుళ్లకి పిల్లల పేర్లు.
జిన్సీ అంటే బాడుగ, జోమోన్ అంటే జరిమానా.
నాలుగొందల పన్నెండో వరస నెత్తిన
ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మలయాళం మాట:
తొడరుదు.
కింద కరక్ చాయ్ కొట్టు షిహాబుని అడిగితే
వడపోత ఆపి చెప్పాడు,
ముట్టుకోవద్దని.

ముట్టుకోలేదు, మూడేళ్లు.

ఆ మూడేళ్లలో పైన కనబడే తెరల్ని
మూడుసార్లు పడగొట్టి కట్టాం.
మొదటి ఫ్రేమ్‌వర్కు రెండో వెర్షను రాగానే
పాత చుట్టాన్ని ఎరగనట్టు మొహం తిప్పుకుంది.
రెండోది బాగానే ఉండేది,
రాసినవాడికే విసుగొచ్చింది.
ఇప్పటిదాంతో ఒక్క బటను పెట్టాలంటే
పదకొండొందల ప్యాకేజీలు దిగుతాయి,
ఒక కొబ్బరికాయ కొట్టడానికి లారీడు జనం దిగినట్టు.
అందులో ఒకటి
అంకె సరో బేసో చెబుతుంది. అంతే దాని ఉద్యోగం.
దాన్ని రాసిన కుర్రాడు ఏ దేశంలో ఉన్నాడో,
ఓ రాత్రి అలిగి చెరిపేశాడా
సొహార్‌లో ఓడ ఆగుతుంది.

ఎడిటర్ల మీద నాకు పట్టింపు లేదంటే అబద్ధం.
నాది నల్ల తెర, మౌసు ఎరగనిది.
పక్క సీటు గదీర్‌ది కొత్తది,
ఆమె సగం రాయగానే మిగతా సగం
బూడిద రంగులో అందిస్తుంది.
చాలాసార్లు సరిగ్గానే అందిస్తుంది.
నాకు నచ్చనిది అదే.

జూలై. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండలో పని బంద్.
ఎదురు బిల్డింగు కట్టేవాళ్లు
మా పార్కింగు నీడలో నడుం వాలుస్తారు.
బుచ్చిలింగం అక్కడే పరిచయం. రాయికల్ మనిషి,
షట్టరింగు కార్పెంటరు.
కంపెనీ మేకుల తుపాకి ఇచ్చింది, వాడతాడు.
సైకిల్ ట్యూబు చుట్టిన సుత్తి మాత్రం
నడుము దిగదు.

"ఫ్రేమ్‌వర్కంటే ఏందమ్మా? మా పనసొంటిదేనా?"

ప్రతిసారీ మొదట్నించి మొదలెట్టకుండా
ముందే బిగించిపెట్టిన చట్రం, అన్నాను,
మన మాలు పోసుకోవడమే.

"గంతేనా! పలకలు మేం బిగిస్తం, వాళ్లు పోస్తరు.
స్లాబుకు పద్నాలుగొద్దులు, దూలానికి ఇరవయ్యొకటి.
గా తర్వాత ఊడగొడ్తం.
మరి మీయి ఎన్నొద్దులకు ఊడదీస్తరు?"

చాయ్ చల్లారింది.
ఊడదీయం బుచ్చిలింగం.
పలకల మధ్యే కాపురం ఉంటాం.
అవి పుచ్చితే కొత్తవి తెచ్చి
ఇల్లు పగలగొట్టి మళ్లీ పోస్తాం.

నవ్వాడో దగ్గాడో,
తువ్వాల మొహమ్మీద కప్పుకుని అటు తిరిగాడు.

ఇప్పుడు కురియాకోస్ ఫైలు వంతు.
మొత్తం కొత్త ఫ్రేమ్‌వర్కులోకి, ఈ నెలాఖరుకి.
నాలుగొందల పన్నెండు తెరిచాను.
రంజాన్ ఇరవై తొమ్మిదో రాత్రి
నెలవంక కనబడితే తెల్లారి పండగ,
పండగనాడు బాడుగ లేదు.
కనబడకపోతే ఉంది.
ఆకాశం సంగతి ప్రోగ్రాముకేం తెలుసు?
అందుకే ఆ వరస ఆగుతుంది,
ఒక మనిషి వచ్చి
ఒకటో సున్నానో కొట్టేదాకా.

పదిహేడేళ్లు ఆ రాత్రి
ఆయన ఇక్కడే కూచున్నాడన్నమాట.

గదీర్ ఎడిటరు దాన్ని చూసి
తప్పని ఎర్రగీత గీసింది.
గీత ఉండనిచ్చాను. వరసా ఉండనిచ్చాను.
తొడరుదు మాత్రం తీసేశాను.
ఆ చోట రాశాను:
ముట్టుకోవచ్చు. ముందు చంద్రుణ్ణి అడుగు.

మూడున్నర. కింద ఈల.
సుత్తి దెబ్బలు, తుపాకి టకటకలు.
నా తెర మీద ఇంకా దిగుతున్నాయి,
ఎనిమిదొందల నలభై,
ఎనిమిదొందల నలభై ఒకటి