గూడ్సు పోయేదాకా

గాంధీనగర్లో, పోస్టర్ల జిగురు వాసన వేసే మెట్లెక్కితే
రెండో అంతస్తులో మా స్టూడియో.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు గోనె పరదా.
టేకు మొదలైతే ఫ్యాను ఆగిపోవాలి.
మే నెల. బెజవాడ.
నాగరత్నం గారు తడి తువ్వాలు మెడ మీద వేసుకుని
చెప్పులు బయట విప్పి మైకు ముందు నిలబడేవారు.
చప్పుడవుతాయని గాజులు తీసి నా బల్ల మీద పెట్టేవారు,
లెక్కపెట్టి మరీ.

ఇటలీ నుంచి ఎవరో చవగ్గా కొన్న సీరియల్.
ఓడరేవు ఊళ్ళో రొట్టెలు కాల్చుకు బతికే సిల్వానా.
ఆరేళ్ళు, ఏడొందల ఎపిసోడ్లు.
ఒక చెవిలో ఆమె, రెండో చెవిలో నేను,
నోట్లోంచి మాత్రం తెనాలి.

"ప, బ, మ. ఈ మూడూ చూసుకో తమ్ముడూ,
మిగతావి దేవుడు చూసుకుంటాడు" అనేవారు.
అక్కడ పెదవులు కలిసిన చోట ఇక్కడా కలవాలి.
కాగితం మీద "క్షమించు" అని ఉంటే
కొట్టేసి "పోనీలే" అన్నారొకసారి.
దాంతో కథే మారిపోయింది.
సిల్వానా క్షమాపణ అడగడం మానేసి
తనే క్షమించడం మొదలుపెట్టింది,
పెదవుల పుణ్యమా అని.

రెండు భాషల్లోనూ మాట అచ్చుతోనే ఆగుతుంది,
తలుపు వేయకుండా వెళ్ళిన మనిషిలా.
అది కలిసొచ్చింది. కలిసి రానిది రైలు.
గూడ్సు వచ్చిందంటే యాభై ఎనిమిది పెట్టెలూ దాటేదాకా
ఎర్రలైటు కింద ఊరికే నిలబడాలి.
ఏడుపు సగంలో ఉంటే అలాగే పట్టుకుని ఉండేవారు,
పొంగబోతున్న పాల మీద గరిట అడ్డం పెట్టినట్టు.
చివరి పెట్టె దాటగానే
అదే తడి, అదే శ్రుతి.

పేర్లు పడేచోట ఆమె పేరు పడేది కాదు.
బీసెంట్ రోడ్డులో జాకెట్టు ముక్క బేరమాడుతుంటే
కొట్టువాడు తలెత్తి "మీ గొంతు ఎక్కడో..." అన్నాడట.
"జలుబు బాబూ" అన్నారట.
ధర తగ్గించాడో లేదో నాకు చెప్పలేదు.

ఆరో ఏడు, ఒక మధ్యాహ్నం, హెడ్‌ఫోను తీసేశారు.
"ఈమెకి ఒంట్లో బాలేదు."
తెర మీద సిల్వానా నవ్వుతూ పిండి పిసుకుతోంది.
"నవ్వు కాదు, నవ్వు ముందు ఊపిరి విను.
ఇదివరకు ఆరు మాటలకి ఒకసారి పీల్చేది.
ఇప్పుడు నాలుగింటికే తెగిపోతోంది."
నేను మీటరు చూశాను.
ముల్లు మామూలుగానే ఊగుతోంది.

నలభై ఎపిసోడ్ల తర్వాత సిల్వానా మొహం మారింది.
కొత్తావిడ. వయసులో చిన్నది, చక్కటి పలువరస.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.
ఛానెల్ వాళ్ళు ఫోన్ చేసి ఒక్కటే అన్నారు,
"గొంతు అదే ఉంచండి, జనానికి తేడా తెలీకూడదు."

ఉంచారు.
కొత్తావిడ గుండెలనిండా గాలి పీల్చుకుని
గడగడా చెప్పుకుపోతుంటే
నాగరత్నం గారు నాలుగు మాటలకి ఆగారు.
మళ్ళీ నాలుగింటికి.
పెదవులు తప్పలేదు, ప, బ, మ ఎక్కడివక్కడే.
మధ్యలో మాత్రం
ఆ తెర మీద లేని మనిషి ఆయాసపడుతోంది.
"ఊపిర్లు తీసెయ్యనా?" అన్నాను.
శుభ్రం చేయడం నా పని, జీతం దానికే.
గాజులు తొడుక్కుంటూ "ఉండనీ" అన్నారు.

ఇప్పుడు ఆ మెట్ల పైన సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.
గుడ్ల అట్టలు ఎవరు పట్టుకుపోయారో.
ఆమె తెనాలిలో, రైల్వే గేటు పక్కనే.
మొన్న ఫోన్ చేస్తే
మోకాళ్ళ గురించి చెబుతుండగా గూడ్సు వచ్చింది,
ఆమె వైపో నా వైపో తెలీలేదు.
ఇద్దరం ఆగిపోయాం.
ఒక్కో పెట్టే దాటుతోంది.
నేను లేచి
ఫ్యాను కూడా ఆపాను.