తూకం గది తీగ

రాత్రంతా బాగానే ఉంటుంది.
పొద్దున పదింటికి తేయాకు వేలం మొదలవగానే
తూకం లెక్కలు రావు.
పింగ్ నాలుగొందలు, ఏడొందలు,
ఒక్కోసారి వెళ్లింది వెళ్లినట్టే.

మొంబాసాలో ఉక్క. ర్యాకు వెనక మోకాళ్ల మీద మ్వానైది,
నోట్లో టార్చి.
కేబుల్ మార్చింది. పోర్టు మార్చింది.
కొత్త స్విచ్ కొనేద్దామన్నాడు కజుంగు,
డబ్బు తనది కాదు కనక.

పదిహేడో పోర్టు దగ్గర ఆమె వేలు ఆగింది:
ఆలస్యంగా ఢీకొన్నవి, లక్షా పన్నెండు వేలు.

ఆ చివర, తూకం గదిలో, పాత యంత్రం.
ఎలా మాట్లాడుకుందామని స్విచ్ అడిగితే
ఉలకదు, పలకదు.
సరే, ఒకరి తర్వాత ఒకరమని
స్విచ్ తనే తగ్గింది.
అదేమో ఎదుటివాళ్ల వంతని చూడకుండా
వాగుతూనే ఉంది ఇన్నేళ్లూ.

యంత్రం నుదుట వెలిసిన టేపు, పెన్ను రాత:
"సెట్టింగు ముట్టుకోవద్దు. అథుమాని."

కజుంగు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"అప్పట్లో అదే సరైంది, తల్లీ.
మూడు రాత్రులు కూర్చున్నాడిక్కడ."

ఆమె ముట్టుకుంది.
ఒకటి. ఒకటి. ఒకటి. మళ్లీ ఒకటి.

టేపు పీకలేదు.
పెన్ను అడిగి
కింద ఇవాళ్టి తేదీ వేసింది.