గులాబీ రంగుకు గింజ లేదు

పదో తరగతి సైన్సుల రెండుసార్లు తప్పిన.
ఒక్క పాఠమే యాదికుంది:
ఎక్కడో చలిదేశం మఠంలో
ఒక సన్యాసి బఠాణీలు లెక్కపెట్టుడు.
ఇది కూడ చదువేనా అని నవ్వితే
సారు బెంచీ ఎక్కించిండు.

సోహార్ బలదియా నర్సరీలో
ఏసీ పైపు కారే చోట చంద్రకాంత పెట్టిన.
ఎర్రపూల గింజ రాయికల్ నుంచి అటుకుల సంచిలో వచ్చింది,
తెల్లపూలది సియాల్‌కోట్ రఫాకత్ సబ్బుడబ్బాలో.

అసర్ బాంగు కాకముందే
మొగ్గ ఇంకా మెలిక విప్పకముందే
కనుబొమ్మలు పీకే చిమటాతో
ఎర్రదాని పుప్పొడితిత్తులు ఐదూ తెంపేసిన.
తెల్లదాని పుప్పొడి అద్దిన.
చాయ్ పొట్లం కాగితం తొడిగి
సిమెంటు సంచి దారంతో కట్టిన.
ఒక పువ్వుకు ఒకటే గింజ,
మిరియమంత,
కడుపులో ఎవరున్నరో చెప్పదు.

మరుసటి చలికాలం అన్నీ గులాబీరంగే పూసినయి.
రఫాకత్ అన్నడు: "పెయింటు డబ్బాలు కలిపినట్టే కదా."
నేనూ అట్లనే అనుకున్న.
కలిసిన పెయింటును మళ్లీ విడదీసిన మేస్త్రీ ఎవడున్నడు?

ఆ గులాబీల గింజలు నలభై ఒకటి నాటిన.
ముప్పై ఏడు మొలిచినయి.
టైంషీటు వెనక రాసిన:
ఎరుపు 10, గులాబీ 18, తెలుపు 9.
క్యాంపు క్లర్కు షాజీ అది చూసి
తొమ్మిది రోజులు తెల్లకాగితం పెట్టి ఎగ్గొట్టిన్ననుకుని
జీతంల కోసిండు.
కొట్లాడి తెచ్చుకున్న.

ఆ రాత్రి పై బంకు మీద పడుకుంటే తెలిసింది.
కింద మోక్సేద్ గురక.
ఒక గదిలో ఇద్దరం, కలిసిపోలేదు.
గింజ కూడ రెండు బంకుల గదే.
తల్లి పంపినోడు ఒకడు, తండ్రి పంపినోడు ఒకడు.
ఖాళీ చేసి పోయేటప్పుడు ఎవని పెట్టె వానిదే.
తెలుపు ఎక్కడికీ పోలేదు,
ఏడాదంత దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఫిబ్రవరిలో ఇంజనీరు ఖల్ఫాన్ వచ్చిండు.
నవంబర్‌లో జాతీయ దినం,
గుండ్రం చౌరస్తా నిండ గులాబీరంగే కావాలె.
ఒక్కటి కూడ ఎర్రగుండద్దు, తెల్లగుండద్దు.
"గులాబీలవి గింజలు ఏరు, సంచి నింపు."
నాకొచ్చిన అరబ్బీ నలభై మాటలు.
వాటిల్లో ఎట్ల చెప్పాలె
గులాబీ రంగుకు గింజ లేదని?
వేలు చూపిన: ఎరుపు. ఇంకో వేలు: తెలుపు.
రెండూ ముడేసిన.
ఖల్ఫాన్ పెండ్లి సంగతనుకుని నవ్విండు.

మార్చి అంతా ప్రతి సాయంత్రం
పువ్వుకు పువ్వు, గింజకు గింజ.
నాలుగువందల ముడులు.
చూపుడువేలు గోరు కింద పసుపు పోలేదు.

నవంబర్‌లో పూసినయి.
చౌరస్తా చుట్టూ కార్లు ఆగకుండ తిరిగినయి.
ఖల్ఫాన్ ఫోటో దిగిండు.
ఒక్క మొక్క మాట తప్పలేదు.

నా వీసా జనవరి దాకనే.
రాలిన గింజలు ఊడ్వమన్నరు,
సగమే ఊడ్చిన.
వచ్చే చలికాలం ఎరుపు లేస్తది, తెలుపు లేస్తది,
నా తర్వాత వచ్చినోణ్ణి తిడతరు.

వానిది ఏ ఊరో, ఏ భాషో.
పోయే ముందు నీళ్ల వాల్వు మూత మీద
బ్రష్షుతో చుక్కలు పెట్టిన:
ఒకటి ఎరుపు,
రెండు గులాబీ,
ఒకటి తెలుపు.