సున్నా నుంచి మూడు దాకా

అయిదు రోజుల శిక్షణ, ఒక నీలం చొక్కా,
అట్టకి బిగించిన కాగితాలు,
ఇవీ నా సరంజామా.
అంతకు ముందు మొసింబోవా రేవులో ఎండుచేపలమ్మేదాన్ని.
తూకం నాకు కొత్త కాదు.
దుఃఖాన్ని తూచడమే కొత్త:
లేనే లేదంటే సున్నా,
అప్పుడప్పుడంటే ఒకటి,
సగం రోజులు మించితే రెండు,
ఇంచుమించు రోజూ అంటే మూడు.
మూడు దాటాక ఏముంటుందో
కాగితం చెప్పదు.

మెటూజె శిబిరంలో, జీడిమామిడి చెట్ల అవతలి వరసలో
మువానాస్సా డేరా.
మాట్లాడదు, బియ్యం ఇచ్చే రోజున కూడా లైన్లో నిలబడదు,
ఏదో పట్టిందని పక్క డేరాల గొణుగుడు.
"గుండె రాయి చేసుకోమని అందరం చెప్పాం" అంది జైనాబో,
చెప్పడంతో తన వంతు తీరిపోయినట్టు.
గుండె చెరువైందంటారు, ఏడ్చేవాళ్ల గురించి.
ఈమెది సముద్రం. వెనక్కి తగ్గి,
పడవల్ని బురదలో ఒరిగించి,
తిరిగి రావడం మర్చిపోయింది.

గత రెండు వారాల్లో
ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు?
పోర్చుగీసులో అచ్చేసిన ప్రశ్నని
మా కిమ్వానీలోకి దోసిట్లో పట్టి తెచ్చాను.
దారిలో కొంత కారిపోయే ఉంటుంది.

ఆమె నా మొహం చూడలేదు. పాదాలు చూసింది.
"నువ్వు పడుకుంటున్నావా?"
ఆఁ అన్నాను.
"చెప్పుల్తోనా?"

పట్టీ కింద చర్మం ఒరుసుకుని పుండైంది.
పదకొండు నెలలు.
ఏ రాత్రి మళ్లీ లేచి పరిగెత్తాలోనని
నేను చెప్పులు విప్పడం మానేసిన సంగతి
నా కూతురికొక్కదానికే తెలుసు.
ఇప్పుడు ఈమెకి.
కలానికి మూత పెట్టాను.

బయట పిల్లలు ఆడుతున్నారు.
ఒకడు "వచ్చారు!" అని అరుస్తాడు,
మిగతా అందరూ నేలకి కరుచుకుంటారు,
ముందు కదిలినవాడు ఔటు.
ఆట అయిపోయింది, అందరూ లేచి దులుపుకున్నారు.
సువలే అనే పిల్లాడు లేవలేదు.
వాడి కాగితం నేనింకా మొదలుపెట్టలేదు.

మౌనాన్ని పూడ్చకండి, అది గుంత కాదు.
శిక్షణలో నేను రాసుకున్న వాక్యం ఇదొక్కటే.
అందుకని ప్రతి మంగళవారం వెళ్లి ఊరికే కూర్చున్నాను.
ఒక మంగళవారం వాన. టార్పాలిన్ మీద అంత మోతలో
మాట్లాడక్కర్లేదని ఇద్దరికీ హాయి.
ఒక మంగళవారం ఆమె లేదు. అయినా కూర్చున్నాను.
నాలుగో వారమో అయిదో వారమో
చాప కింద నుంచి ఒక రాయి తీసి నా ముందు పెట్టింది.
నడుమ అరిగి పల్లమైన రాయి,
మా ఆడవాళ్లం ముసీరో కర్రని గంధంలా అరగదీసి
మొహానికి తెల్లగా పూసుకునే సానరాయి.

"తుపాకులు వినపడగానే
చీకట్లో చేతికందింది గుండెకి హత్తుకుని పరిగెత్తాను.
బరువుగానే ఉంది. వెచ్చగా కూడా ఉందనుకున్నాను.
తెల్లారి మడ అడవిలో చూసుకుంటే
ఇది."

ఏమనుకుని ఎత్తుకుందో ఆమె చెప్పలేదు.
నేను అడగలేదు.
రాయి చేసుకోమన్నారట, ఈమెని.

పెంబా బజార్లో ఇరవై మెటికాల్ పెట్టి
ముసీరో కర్ర ఒకటి కొన్నాను.
రూల్సు ఒప్పుకుంటాయో లేదో తెలీదు.
డేరా గుంజ పక్కన పెట్టి వచ్చేశాను.
రెండు వారాలు అక్కడే పడి ఉంది, చీమలెక్కాయి.

ఆ తర్వాతి మంగళవారం
దూరం నుంచే వినపడింది,
తడి రాతి మీద కర్ర గరగర.
తన బుగ్గలకేమో అనుకున్నాను. కాదు.
"చెప్పు విప్పు" అంది.
నా ఎడమ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని
పుండు చుట్టూ రాసింది, చల్లగా, కాస్త మంటగా.
నేనెందుకు ఏడ్చానో
ఏ గడిలోనూ పట్టదు.

ఎంత వేశావని సాయంత్రం అమీసీ అడిగాడు,
పెంబా ఆఫీసుకి లెక్క పంపాలి.
"ఎవరికి?" అన్నాను.
హాస్యమనుకుని నవ్వాడు.

ఆ రాత్రి ఎడమ చెప్పు విప్పి పడుకున్నాను.
కుడిది ఉంచుకున్నాను.