ముల్లును బట్టి

ధైద్ ఊరి బయట, లారీలు మలిగే కాడ మా నర్సరీ.
నల్ల సంచులల్ల నిలబడ్డ చెట్లకు
పొద్దుగాల నాలుగింటికి నీళ్లు వెట్టుడు నా పని.
పేరు లింబాద్రి. ఇక్కడ అందరు లింబూ అంటరు,
నిమ్మకాయ అని నవ్వుతరు.
మొదటి ఏడు నేను గూడ నవ్విన.

వానలు లేని దేశంల
చలి మొదలైతేనే నాట్లు.
కార్లు ఆగుతయి. అద్దాలు దిగుతయి.
"తొందరగ పెరిగేది ఏది?" అంటరు.
ఎంతకాలం బతుకుతదని ఎవ్వరు అడుగరు.
సేటు దమాస్ చూపెడుతడు.
ఏడాదికి గోడ దాటుతది, పక్కింటి చూపు ఆపుతది.
నిజమే.
మూడో ఏడు దాని వేరు పైపుల దూరి
బాత్రూమ్ బండలు లేపుతది.
అదీ నిజమే, రసీదు మీద రాయరు.

ఆ దినం వచ్చిన ముసలామె పేరు మోజా.
డ్రైవరు సీట్ల మనుమడు, ఫోన్ల తల.
ఆమె దిగి, ఇసుకల చెప్పులీడ్చుకుంట
"గాఫ్ కావాలె,
మా అమ్మ గుడారం ముందట ఉన్నసొంటిది" అన్నది.
సేటు వరుస చూపెట్టిండు. నలభై సంచులు,
నిలువెత్తు, నిగనిగ.
ఒక్కోటి ముప్పై దిర్హములు.

నేను పైపు పట్టుకొని నిలబడ్డ.
ఐదో తరగతి చదువు. అట్ట మీది అరబ్బీ రాదు.
ముల్లు చదువుడు వచ్చు.
కణుపు కాడ జంటగ, దబ్బనం లెక్క పొడుగ్గ: సర్కారు తుమ్మ.
మా మూడెకరాల చెలకను మింగింది గదే.
గొడ్డలికి చావది, అగ్గికి చావది,
కిందున్న తడిని బోరు కంటె ముందు తాగుతది.
జమ్మి ముల్లు కణుపుల నడుమ ఉంటది,
పొట్టిగ, చంటిపిల్ల పాలపన్ను లెక్క,
ఇష్టమొచ్చిన కాడ మొలుస్తది.
ఆకు సన్నగ, బూడిద చల్లిన పచ్చ.

చెప్పితే సేటుకు కోపం.
చెప్పకుంటే పదేండ్లకు ఆమె వాకిట్ల ఏముంటదో నాకెరుక.
నేనేం చెప్పలే.
సంచి ఎత్తి ఒక కొమ్మను ఆమె దిక్కు వంచిన, అంతే.
రెండు వేళ్లతోటి తడిమింది. కణుపు కాడ ఆగింది.
"గువైఫ్" అన్నది, ఉమ్మినట్టు.
ఇగ నన్ను జూసి, "నీకెట్ల తెలుసు, ఓ హిందీ?"

నా అరబ్బీ నాలుగు మాటలు:
నీళ్లు, ఎరువు, రేపు, జీతం.
ఈ నాలుగింటితోటి ఏమని చెప్పుదు?
నా అరచేతి మీద పాత ముల్లు మచ్చ చూపెట్టిన.

అసలు జమ్మి మూలకు పడి ఉండె.
మూరెడు లేదు, ఎవ్వరు కొనరని
సేటు నీళ్లు బంద్ జేయమన్నడు.
చాయ్ గ్లాసు కడిగిన నీళ్లు పోస్తుంటి.
పదిహేను దిర్హములకు పోయింది.

శుక్రవారం, ఆమె ఇంట్ల నాటింది నేనే.
గోడకు పన్నెండు అడుగులు, నా అడుగులు,
గుల్ జమాన్‌వి కావు, ఆ పఠాన్ పది నా పన్నెండు.
గుంత సంచికి రెండింతల వెడల్పు, లోతు మాత్రం సంచంతే.
ముందు గుంతల నీళ్లు పోసి, ఇంకెదాక కూసున్నం.
సుడి తిరిగిన వేర్లను వేళ్లతోటి విప్పిన.
చుట్టు పళ్లెం తీసిన, మొదలుకు నీళ్లు తగులకుంట.
వారానికి రెండు మాట్ల, తర్వాత ఒక మాటు,
రెండో ఎండకాలం దాటితే దాని మానాన ఇడిసిపెట్టుమన్న.
గుల్ జమాన్ తర్జుమా జేసిండు,
మనుమడు ఫోన్ల రాసుకున్నడు.

"ఎప్పుడు పెరుగుతది?" అన్నడు పిలగాడు.
మూడేండ్లు పైకేం కనబడది. కిందికి పోతది.
నా వీసా ఇంక పదకొండు నెలలు.
గుల్ జమాన్ అప్పటికే నమాజుకు పోయిండు,
నేను వేలుతోటి భూమిని చూపెట్టిన.

సేటు ఆ నెల జీతంల వంద కోసిండు.
నలభై సంచుల మీద అట్టలు మార్పిచ్చిండు.
ఏం రాసి ఉన్నదని గుల్ జమాన్‌ను అడిగితే
"నీడ చెట్టు" అన్నడు.
ఇప్పుడు మంచిగ అమ్ముడుపోతున్నయి.
పొద్దుగాల నాలుగింటికి
వాటికి గూడ నీళ్లు నేనే వెడుత.