సొన మరక

బెంగుళూరా కాయ తొడిమ తుంచితే
చివ్వున చిమ్ముతుంది సొన.
నా ముంజేతుల మీద దాని రాతలు
పదకొండు సీజన్లవి.
గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరేవాళ్ళమంతా ఇంతే,
ఎవరో మా తోలు మీద అగ్గిపుల్లలు ఆర్పినట్టుంటాం.

అందుకే మొన్న రాత్రి
పాప డైపరు విప్పి, సెల్లు లైటు వేసి,
"ఇట్ల చూడు" అని పూర్ణ పిలిచినప్పుడు
అది ఎంత మండుతుందో
నాకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

తొడల మడతల్లో ఎరుపు.
చీరితే నెత్తురొచ్చేట్టున్న ఎరుపు.
మూడు నెలల బిడ్డ,
గుడ్డ తగిలినప్పుడల్లా
కాళ్ళు రెండూ కడుపులోకి లాక్కుంటోంది.

తెచ్చింది నేనే.
గ్రీమ్స్‌పేట మెడికల్ షాపులో
చవగ్గా ఉందని, పైన గులాబీ బొమ్మ ఉందని,
ఒకటి కొంటే రెండు ఊరికే అని.
విప్పితే పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు గుబాళించింది.
మా ఇంట్లో అంత మంచి వాసనొచ్చే వస్తువు
ఇంకోటి లేదు.
నెలరోజులు ఆ గులాబీతోనే తుడిచినాం,
ఉచ్చ పోసినా, దొడ్డికి పోయినా,
ఏమీ పోకపోయినా.
ఒకసారి నా మొహమూ తుడుచుకున్నా.
ఏం కాలేదు.
నాకేమవుతుంది, సొన తాగిన తోలు నాది.

అత్త చూసి దిష్టి అనింది.
కాసేపాగి, పౌడరు కొట్టమనింది.
పక్కింటి దేవకమ్మ పసుపు అనింది.
పూర్ణ ఏమీ అనలేదు,
నా వైపు చూసింది. అదే ఎక్కువ.

ఆసుపత్రిలో ఎస్తేరు సిస్టరు
పొట్లం అందుకుని వాసన చూసింది.
"కమ్మగానే ఉందబ్బా, నీ ముక్కుకి.
తుడిచేది ముక్కునా?"

తర్వాత చేత్తో చూపించింది.
గోరువెచ్చని నీళ్ళు, దూది.
రుద్దొద్దు. అద్దు.
ముందు నుంచి వెనక్కి.
ఆరేదాకా గాలికి వదిలెయ్,
ఆరినాక ఈ తెల్ల క్రీము,
గోడకి సున్నం పట్టించినట్టు మందంగా.
పౌడరు మాత్రం వద్దు, ఊపిరిలోకి పోతుంది.
తెల్లారేదాకా ఒకే డైపరుంటే
ఆ తడిలో నువ్వు పండుకుంటావా?
మూడు దినాలకి తగ్గకపోతే, చుట్టూ చుక్కలు లేస్తే
సొంత వైద్యం చేయక రా.

"ఊరికి పోయేటప్పుడో సిస్టర్? బస్సులో నీళ్ళు యాడివి?"
"వాసన లేనిది అడుగు. స్పిరిట్ లేనిది అడుగు.
వెనకాల రాసుంటారు. చదువు."

చదివినా.
చీమలబారంత అక్షరాలు,
పాపను ఎత్తుకున్నట్టే పొట్లాన్ని దీపానికి ఎత్తి
చదివినా.
"వాసన లేనిదెవరు కొంటారన్నా" అని నవ్వుతా
దొరస్వామి అడుగు అర నుంచి ఒకటి తీసి
దుమ్ము తుడిచి ఇచ్చినాడు.
బొమ్మ లేదు. నలభై రూపాయలెక్కువ.

షాపు మెట్ల మీదే కూర్చుని
ముంజేతి మీద ఆ పొద్దు పడిన కొత్త సొన మరకకి
ముందు గులాబీది ఆనించినా.
సుర్రుమంది.
ఇంకోటి ఆనించినా.
కుండలో నీళ్ళు తాకినట్టుంది.
నా చేయి పదకొండేళ్ళకి
ఒక పనికి పనికొచ్చింది.

ఇప్పుడు షిఫ్టు దిగినాక
కొబ్బరినూనె, సబ్బు, మళ్ళీ సబ్బు,
గోళ్ళ సందుల్లోది కూడా పోయేదాకా
కొళాయి దగ్గర నేను కదలను.
వెనకున్నోళ్ళు తిడతారు. తిట్టనీ.

ఇంట్లో పూర్ణ పాత లుంగీ పరిచి పెట్టింటుంది.
బిడ్డ దాని మీద మొలతాడుతో మాత్రమే,
ఫ్యాను గాలికి కాళ్ళు కొడతా,
నేను చూస్తుండగానే లుంగీ తడిపేసి
నవ్వినట్టు మొహం పెడుతుంది.
అద్దుతాను.
ఎరుపు రోజా రంగుకి దిగింది.

మిగిలిన పొట్లాలతో బండి సీటు తుడుస్తున్నా.
ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరూ అడుగుతున్నారు,
ఎవరి పెళ్ళికి పోయొచ్చినావని.